డిప్రెషన్‌కు ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి? సైకియాట్రిస్టా, సైకాలజిస్టా, పెద్దాసుపత్రా, ఫోనా?

మా తమ్ముడికి డిప్రెషన్ అని తేలేలోపు మేం నాలుగు గుమ్మాలు ఎక్కి దిగాం. ఛాతీ బరువుగా ఉందన్నాడని ముందు గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఈసీజీ బాగానే ఉంది. తిండి సయించట్లేదంటే గ్యాస్ డాక్టరుకు చూపించాం. ఎండోస్కోపీ కూడా బాగానే ఉంది. ఎవరో చెప్తే నరాల డాక్టరు, మా పెద్దమ్మ పట్టుబడితే తాయెత్తు. సైకియాట్రిస్టు ఐదో గుమ్మం. అక్కడికి చేరేసరికి ఎనిమిది నెలలు గడిచిపోయాయి, వాడి ఉద్యోగం కూడా పోయింది.

అప్పట్లో మాకు తెలియనిది ఒకటే: ఏ గుమ్మం దేనికి పనికొస్తుందో. అందుకే ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. రోగిని వెంటబెట్టుకుని ఓపీల ముందు బెంచీల మీద కూర్చున్న అన్నయ్యను.

పోలికలకు టైము లేని సందర్భం

చనిపోవాలనుంది అనడం, అప్పగింతల్లాంటి మాటలు మాట్లాడటం, అన్నం నీళ్లు మానేయడం, ఎవరూ లేకుండానే గొంతులు వినిపిస్తున్నాయనడం. వీటిలో ఏది కనిపించినా ఈ వ్యాసం పక్కన పెట్టి దగ్గర్లోని పెద్ద ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. అంతవరకు మనిషిని ఒంటరిగా వదలొద్దు. పురుగుమందు డబ్బాలు, మాత్రల సీసాలు ఇంట్లోంచి తీసేయండి. "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగితే చాలామందికి బరువు దిగుతుంది.

కేసవుతుందేమోనన్న భయంతో ఆస్పత్రికి తీసుకెళ్లని ఇళ్లున్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఆస్పత్రి వాళ్లు పోలీసులకు కబురు పెట్టొచ్చు. దానికి జడిసి ఆగొద్దు.

ఎంచుకునే ముందు ఏం చూసుకోవాలి

మొదటిది తీవ్రత. దిగులు అందరికీ వస్తుంది. రెండు వారాలకు పైగా రోజూ అలాగే ఉండి, నిద్ర, తిండి, పని మూడూ చెడితే అది మామూలు దిగులు కాదు. డాక్టర్లు వాడే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల పట్టిక తెలుగులోనూ ఉంది. తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు. పది లేదా అంతకంటే ఎక్కువ వస్తే డాక్టరును కలవాల్సిందే, పదిహేను లేదా ఆపైన వస్తే ఆలస్యం చేయకూడదు. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాక ఇంకేం వచ్చినా, మొత్తం ఎంతన్నది చూడకుండా వెళ్లాలి. ఇది జబ్బును తేల్చే పరీక్ష కాదు, జ్వరం చూసే థర్మామీటరు లాంటిది.

రెండోది, నా లెక్కలో అన్నిటికంటే పెద్దది: అక్కడికి రెండోసారి, మూడోసారి, పదోసారి వెళ్లగలరా? డిప్రెషన్ చికిత్స నెలల తరబడి సాగుతుంది. ఊళ్లోకెల్లా పేరున్న డాక్టరు కోసం ఒంగోలు నుంచి హైదరాబాద్ వచ్చి, ఒక్కసారి చూపించుకుని, ఛార్జీలకు జడిసి మళ్లీ రాని వాళ్లను ఆ బెంచీల మీదే చూశాను. జిల్లా ఆస్పత్రిలో పేరు తెలియని కుర్ర డాక్టరు దగ్గరికి నెలనెలా వెళ్లి బాగుపడిన వాళ్లనూ చూశాను. దూరం, ఫీజు, తోడు ఎవరొస్తారు, సెలవు దొరుకుతుందా అన్నవి చిల్లర విషయాలుగా కనిపిస్తాయి. మందు పనిచేయడం, చేయకపోవడం సగం వీటి మీదే ఉంటుంది.

మూడోది భాష. మా తమ్ముడు "డిప్రెషన్" అన్న మాట ఒక్కసారీ వాడలేదు. "బుర్ర పనిచేయట్లేదు", "ఏదీ చేయబుద్ధి కావట్లేదు" అనేవాడు. వరంగల్ వైపు మా వదిన వాళ్లయితే "మనసంతా గుబులు గుబులుగా ఉంది", "బేజారైతుంది" అంటారు. మాత్రలు రాయడానికి ఏ భాషైనా ఫరవాలేదు గానీ, మాటలతో చేసే వైద్యానికి మాత్రం ఏడుపొచ్చే భాషలోనే మాట్లాడగలగాలి.

గోప్యత గురించి భయపడతారు గానీ, రోగి వివరాలు బయటపెట్టకూడదని అదే 2017 చట్టం 23వ సెక్షన్‌లో ఉంది. వెయిటింగ్ హాల్లో మేనత్త కనబడితే మాత్రం ఏ చట్టమూ ఆదుకోదు.

| ఎవరు | మందు రాస్తారా | తీరిగ్గా వింటారా | ఖర్చు | ముందు ఎవరు వెళ్లాలి |
|---|---|---|---|---|
| సైకియాట్రిస్టు (ప్రైవేటు) | రాస్తారు | తక్కువ | మధ్యస్థం | తీవ్రంగా ఉన్నవాళ్లు, నిద్ర తిండి పూర్తిగా పోయినవాళ్లు |
| క్లినికల్ సైకాలజిస్టు | రాయరు | బాగా వింటారు | ఎక్కువ, పైగా వారం వారం | తక్కువ, మధ్యస్థ స్థాయి వాళ్లు |
| కౌన్సెలర్ | రాయరు | వింటారు | రకరకాలు | చదువు, కాపురం, ఉద్యోగం చిక్కుల్లో ఉన్నవాళ్లు |
| తెలిసిన ఎండీ డాక్టరు (జనరల్ ఫిజీషియన్) | రాస్తారు | తక్కువ | తక్కువ | పెద్దవాళ్లు, ఒంటి నొప్పులతో మొదలైనవాళ్లు |
| ప్రభుత్వ ఆస్పత్రి సైకియాట్రీ ఓపీ | రాస్తారు | చాలా తక్కువ | ఉచితం లేదా నామమాత్రం | నెలనెలా ఖర్చు భరించలేనివాళ్లు |
| టెలి మానస్ 14416 (మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ ఫోను సేవ) | అవసరమైతే డాక్టరుకు కలుపుతారు | వింటారు | ఉచితం | ఇల్లు కదల్లేనివాళ్లు, తేల్చుకోలేనివాళ్లు |

సైకియాట్రిస్టు

ఎంబీబీఎస్ తర్వాత సైకియాట్రీలో ఎండీ, డీఎన్‌బీ లేదా డీపీఎం చేసినవారు. చాలా బోర్డుల మీద "న్యూరో సైకియాట్రిస్టు" అని ఉంటుంది. "మనసు" అని రాస్తే జనం రారనీ, "నరాలు" అంటే గౌరవంగా వస్తారనీ ఆ బోర్డు రాయించినవారికి తెలుసు. పేరు పక్కన ఎండీ సైకియాట్రీ ఉందా అన్నదే చూసుకోండి.

లాభం ఏమిటంటే, జబ్బు ఏదో తేల్చేదీ మందు రాసేదీ ఒకరే. ఇది డిప్రెషనా, బైపోలారా (దిగులు, అతి ఉత్సాహం మార్చి మార్చి వచ్చే జబ్బు) అన్నది తేలడం చాలా ముఖ్యం. ఒకప్పుడు కొన్ని రోజులపాటు నిద్ర లేకుండా, ఆగకుండా మాట్లాడుతూ, విచ్చలవిడిగా ఖర్చుపెట్టిన చరిత్ర ఉంటే తప్పకుండా చెప్పండి. బైపోలార్ మనిషికి ఒట్టి డిప్రెషన్ మందు ఇస్తే ఎదురు తిరగొచ్చు.

నష్టం టైము. ఒక క్లినిక్‌లో మమ్మల్ని మూడు నిమిషాల్లో పంపించేశారు. చేతిలో ఐదు మాత్రల పేర్లున్న చీటీ. ఏది దేనికో చెప్పలేదు, అడిగే ధైర్యం మాకూ లేకపోయింది. తర్వాత వేరే డాక్టరు అందులో మూడు తీసేసి, మిగిలిన రెంటి గురించి పది నిమిషాలు చెప్పారు.

ఆ పది నిమిషాల్లో తెలిసినవి, ఆ తర్వాత అడిగి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. ఎక్కువగా రాసేవి ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూయోక్సెటిన్ లాంటి మాత్రలు. వేసుకున్న మర్నాటికే తేడా కనిపించదు. రెండు నుంచి నాలుగు వారాలకు కాస్త తెలుస్తుంది, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. కడుపులో వికారం, నిద్ర మార్పులు మాత్రం మొదటి వారంలోనే మొదలవుతాయి. మంచి కంటే ముందు చెడు కనబడటం వల్లే చాలామంది పదో రోజుకు మానేస్తారు. దాంపత్య జీవితంలో ఇబ్బంది కూడా రావచ్చు. సిగ్గుపడి దాచుకోకుండా చెబితే మందు మారుస్తారు. 25 ఏళ్ల లోపు వాళ్లలో మొదటి కొన్ని వారాలు చావు ఆలోచనలు పెరిగే ప్రమాదం ఉంది కనుక ఇంట్లో వాళ్లు కనిపెట్టి ఉండాలి.

"అలవాటు పడిపోతారేమో" అన్న భయం అందరికీ ఉంటుంది. డిప్రెషన్ మాత్రలకు వ్యసనం ఉండదు, కానీ ఉన్నట్టుండి మానేస్తే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు అనిపించడం లాంటివి వస్తాయి. అందుకే మెల్లగా తగ్గిస్తారు. నిజంగా అలవాటయ్యేవి వీటితోపాటు ఆందోళన తగ్గడానికి కొన్నాళ్లకని రాసే ఆల్‌ప్రజోలామ్, క్లోనజెపామ్ రకం మాత్రలు. ఆ రెండో రకాన్ని పాత చీటీ చూపించి మందుల షాపులో నెలల తరబడి కొనుక్కోవడం మన ఊళ్లలో మామూలైపోయింది. మొదటి రకం మానేసి రెండో రకం పట్టుకుంటారు, తిరగేసుకున్నట్టే అన్నమాట. మొదటిసారి వచ్చిన జబ్బయితే, బాగైన తర్వాత కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు మందు వాడమంటారు.

క్లినికల్ సైకాలజిస్టు

మన దేశంలో వీరు మందు రాయకూడదు. ఎం.ఫిల్ లాంటి ప్రత్యేక శిక్షణ పొంది, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. ఆ నమోదు నంబరు అడగడంలో తప్పేం లేదు. ఉన్నవాళ్లు వెంటనే చెప్తారు.

వీళ్లు చేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనలకూ అలవాట్లకూ ఉన్న ముడి విప్పే పద్ధతి, సాధారణంగా 12 నుంచి 20 సిట్టింగులు ఉంటుంది. వారానికొకటి, ముప్పావు గంట. తక్కువ, మధ్యస్థ స్థాయిల్లో ఇదొక్కటే సరిపోవచ్చు. తీవ్రంగా ఉన్నప్పుడు మందుతో కలిపితేనే మేలు. మంచం దిగలేని మనిషికి ముందు మాటలు ఎక్కవు. మా తమ్ముడికి నెల రోజులు మాత్రలు పడ్డాకే సిట్టింగులు వంటబట్టాయి. మొదటి సిట్టింగులో వాడికిచ్చిన హోంవర్కు వింటే నవ్వొస్తుంది: రోజూ సాయంత్రం సందు చివరి టీ బడ్డీ దాకా నడిచి, టీ తాగినా తాగకపోయినా తిరిగి రావడం. "దీనికి వెయ్యిన్నర తీసుకున్నారా" అన్నాడు నాన్న. మూడో వారానికి వాడు బడ్డీ దగ్గర ఆగి టీ తాగొచ్చాడు. నాన్న మళ్లీ డబ్బు మాట ఎత్తలేదు.

డబ్బు మాట మాత్రం నిజమే. హైదరాబాద్‌లో ఒక సిట్టింగు సుమారు వెయ్యి నుంచి రెండు మూడు వేల దాకా ఉంటుంది. పదహారు సిట్టింగులకు లెక్క వేసుకోండి. చిన్న పట్టణాల్లో అసలు మనిషే దొరకడు. వీడియో సిట్టింగులు దానికి కొంత దారి చూపాయి, అయితే రెండు గదుల ఇంట్లో గోడలకు చెవులుంటాయి. ఒకావిడ పార్క్ చేసిన కారులో కూర్చుని మాట్లాడేదట. అదీ మంచి ఉపాయమే.

కౌన్సెలర్

మన దగ్గర ఈ బోర్డు పెట్టుకున్నవాళ్లలో అన్ని రకాలవాళ్లూ ఉంటారు. చక్కగా చదువుకుని చేస్తున్నవాళ్లున్నారు, వారాంతపు కోర్సు చేసి కూర్చున్నవాళ్లూ ఉన్నారు. ఏం చదివారు, ఎక్కడ శిక్షణ పొందారు, పరిస్థితి చేయి దాటితే ఏ డాక్టరు దగ్గరికి పంపుతారు? ఈ మూడూ అడగండి. మూడో ప్రశ్నకు తడుముకునేవాళ్ల దగ్గర ఉండకండి.

తెలిసిన ఎండీ డాక్టరు

ఈ దారిని జనం తక్కువగా చూస్తారు. థైరాయిడ్ మందగించినా, బీ12 తగ్గినా, రక్తం తక్కువైనా మనిషి అచ్చం డిప్రెషన్‌లో ఉన్నట్టే కనిపించవచ్చు. ఆ పరీక్షలు ఇక్కడే అయిపోతాయి. ఆయన మీద ఇంటిల్లిపాదికీ నమ్మకం ఉంటుంది, "మనవాడు" చెబితే అమ్మ మాత్ర వేసుకుంటుంది. సాధారణ డిప్రెషన్ మందు ఆయనే మొదలుపెట్టగలరు. రెండు నెలలైనా మార్పు లేకపోతే పైకి పంపమని మీరే అడగాలి. ఆర్ఎంపీ దగ్గర బలం ఇంజెక్షను, సెలైను మాత్రం ఈ కోవలోకి రావు.

పెద్దాసుపత్రి

"నిన్ను ఎర్రగడ్డకు పంపాలి" అన్నది హైదరాబాద్‌లో సరదా తిట్టు. విశాఖ వైపు వాల్తేరు పేరు అదే పని చేస్తుంది. ఈ రెండు మాటలూ ఎంతమందిని చికిత్సకు దూరం చేశాయో. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థలోనూ, విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనూ ఓపీలో చూపించుకుని సాయంత్రానికి ఇంటికి వెళ్లేవాళ్లుంటారు. వెళ్లిన ప్రతివాళ్లనూ లోపల పెట్టేయరు.

పేరే గొంతుకు అడ్డుపడితే మెడికల్ కాలేజీ ఆస్పత్రికి వెళ్లండి. గాంధీ, ఉస్మానియా, వరంగల్ ఎంజీఎం, గుంటూరు, కాకినాడ, కర్నూలు పెద్దాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి. ఓపీ చీటీ పట్టుకుని వరండాలో నడిచే వెయ్యి మందిలో మీరు ఏ గదికి వెళ్తున్నారో ఎవరికీ పట్టదు. ఆ జనమే మీకు ముసుగు. మందులు చాలావరకు ఉచితం. లేనివి జన ఔషధి దుకాణాల్లో చౌకగా దొరుకుతాయి.

పొద్దున ఏడింటికే క్యూలో నిలబడాలి. వెళ్లిన ప్రతిసారీ అదే డాక్టరు ఉండకపోవచ్చు, కథ మొదటి నుంచి చెప్పుకోవాలి. అందుకని పాత చీటీలన్నీ ఒక ఫైలులో పెట్టుకోండి. రోజుకూలీ మనిషికి క్యూ అంటే ఆ రోజు కూలి పోయినట్టే. "ఉచితం" అన్న మాటలో అదీ కలిపి లెక్కేసుకోవాలి.

ఫోను: 14416

2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ ఇది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు శిక్షణ ఉన్న కౌన్సెలర్ వింటారు, అవసరమనిపిస్తే సైకియాట్రిస్టుకు కలుపుతారు, దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలో చెప్తారు. ఎవరికీ చెప్పకుండా, గడప దాటకుండా మొదటి అడుగు వేయాల్సిన వాళ్లకు ఇంతకంటే సులువైన దారి లేదు. కానీ ఒకే మనిషి వారం వారం మీ కథను వెంబడించే ఏర్పాటు కాదిది. దారి అడగడానికి వాడుకోండి, అక్కడే ఉండిపోకండి.

గుడి, దర్గా, తాయెత్తు

మా పెద్దమ్మ ఇప్పటికీ తాయెత్తే పనిచేసిందంటుంది. మాకేం అభ్యంతరం లేదు, మాత్రలు కూడా వేసుకున్నాడు కాబట్టి. పూజ, భజన, నలుగురితో కలిసి గుడికి నడవడం మనిషిని ఇంట్లోంచి కదిలిస్తాయి. మందు మానేయమన్నా, కొట్టినా, కట్టేసినా అక్కడి నుంచి వచ్చేయండి. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో రోగులను గొలుసులతో కట్టేసి ఉంచిన చోట మంటలు లేచి 28 మంది చనిపోయారు. అలా గొలుసులు వేయడం ఇప్పుడు చట్టరీత్యా నిషిద్ధం. "పెళ్లి చేస్తే కుదురుకుంటాడు" అన్నదీ ఇదే జాతి వైద్యం, ఇంకో ప్రాణాన్ని కలిపి మరీ చేసేది.

మీ ఇంటి సంగతిని బట్టి

ఇంటర్ పిల్లలు: ఈ వయసులో డిప్రెషన్ ఏడుపుగా కాకుండా చిరాకుగా, తలుపు వేసుకోవడంగా బయటపడుతుంది. "పరీక్షలయ్యాక చూద్దాం" అనొద్దు. హాస్టల్లో ఉంటే ముందు ఇంటికి తీసుకురండి, ఆ తర్వాత పిల్లల సైకియాట్రిస్టునో, దగ్గరి పెద్దాసుపత్రినో చూడండి.

బాలింతలు: ప్రసవమయ్యాక కొన్నాళ్లు కన్నీళ్లు రావడం మామూలే. రెండు వారాలు దాటితే కాన్పు చేసిన డాక్టరుకు చెప్పండి, బిడ్డకు టీకా వేయించడానికి వెళ్లినప్పుడైనా సరే. పాలిస్తూ వాడగల మందులున్నాయి, సెర్ట్రలిన్ అందులో ఒకటి. "పాలు ఆపాల్సి వస్తుంది" అన్న భయంతో నోరు విప్పని తల్లులు చాలామంది.

అప్పుల్లో ఉన్న రైతు ఇల్లు: అప్పుకు మాత్ర లేదు, నిజమే. కానీ నిద్రలేని బుర్ర బ్యాంకు మేనేజరుతోనైనా, వడ్డీ వ్యాపారితోనైనా మాట్లాడలేదు. తాగుడు కూడా కలిసి ఉంటే అది దాచకుండా డాక్టరుకు చెప్పాలి. ఇక్కడ నా ఓటు జిల్లా పెద్దాసుపత్రికి.

ఐటీ ఉద్యోగులు: కంపెనీ ఇచ్చే ఉచిత కౌన్సెలింగ్ మంచి మొదలు, అయితే కొన్ని సిట్టింగులతో ఆగిపోతుంది. ఇన్సూరెన్సు సంగతికొస్తే, ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని 2017 చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. ఆస్పత్రిలో చేరితేనా, ఓపీకి కూడానా అన్నది మీ పాలసీ కాగితంలో చూసుకోండి.

పెద్దవాళ్లు: మతిమరుపనీ, మోకాళ్లనీ, అరగదనీ అంటారు, దిగులని అనరు. ఎండీ డాక్టరుతో మొదలుపెట్టండి.

అమెరికాలో ఉన్నవాళ్లు: అత్యవసరానికి 988, అక్కడ 2022 జులై నుంచి ఉంది. థెరపిస్టు లైసెన్సు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది కనుక న్యూజెర్సీలో దొరికిన తెలుగు మనిషి టెక్సస్‌లో ఉన్న మీకు పనికిరాకపోవచ్చు. ఇక్కడి సైకాలజిస్టుతో వీడియోలో తెలుగులో మాట్లాడుకునేవాళ్లున్నారు. మందు చీటీ మాత్రం అక్కడి డాక్టరే రాయాలి. ఇంగ్లండ్‌లో అయితే ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) టాకింగ్ థెరపీస్‌కు మీ అంతట మీరే పేరు ఇచ్చుకోవచ్చు.

మారడం ఎప్పుడు, ఆగడం ఎప్పుడు

సరైన మోతాదులో ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడినా రవ్వంత మార్పు లేకపోతే మందు మార్చమనండి, డాక్టరును మార్చేముందు. ప్రశ్న అడిగితే విసుక్కునేవారైతే డాక్టరునే మార్చండి. థెరపిస్టు దగ్గర మొదటి సిట్టింగు ఇబ్బందిగానే ఉంటుంది, మూడు సిట్టింగుల దాకా చూడండి. తన నీతులు, తన కులం, తన భక్తి మీ మీద రుద్దితే మూడో సిట్టింగు దాకా కూడా అక్కర్లేదు.

మొదటిసారి వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద ఇవి రాసుకెళ్లండి: ఎప్పటి నుంచి, నిద్ర ఎన్ని గంటలు, ఇప్పటికే వాడుతున్న మందులు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా, తాగుడు, చావు ఆలోచనలు. లోపలికి వెళ్లాక నోరు పెగలకపోతే ఆ కాగితం డాక్టరు చేతికిచ్చేయండి. మా తమ్ముడు అదే చేశాడు. ఆవిడ చదివి, మడిచి, ఫైల్లో పెట్టుకుని, "వచ్చే మంగళవారం రాగలవా నాన్నా?" అని అడిగింది. వస్తానన్నాడు.